వరస మారినా కదలని ఎరుపు

ఇరవై ఆరేళ్ల నాలుగు నెలలు నేను చేసిన ఉద్యోగం గళ్లకు రంగులు వేయడం. కంప్యూటర్ తెర మీద అడ్డంగా వరసలు, నిలువుగా గడులు ఉండే పట్టికను మా వృత్తిలో గ్రిడ్ అంటారు. బియ్యం మిల్లుకైనా, ఎరువుల కొట్టుకైనా, రక్తపరీక్షల కేంద్రానికైనా మేము రాసి ఇచ్చిన ప్రోగ్రాంలో మనిషి రోజంతా చూసేది ఆ పట్టికనే. దాని వెనక మేము రాసిన వేల పంక్తులు ఎవరికీ కనిపించవు. అందుకని ప్రతివాడూ దాని రంగు గురించి మాట్లాడతాడు.

నాకు లెక్క రాసుకునే అలవాటుంది. నలభై మూడు ప్రోగ్రాములు రాశాను. మార్పులు కావాలంటూ వచ్చిన ఫోన్లూ చీటీలూ తేదీ వేసి నోటు పుస్తకాల్లో ఎక్కించాను. మొత్తం వెయ్యిన్నీ రెండు వందల పద్దెనిమిది. ప్రోగ్రాం తప్పు చెబుతోందన్నవి తొంభై ఒకటి. గ్రిడ్ చూడటానికి బాగా లేదన్నవి ఏడు వందల నలభై. మిగిలిన మూడు వందల ఎనభై ఏడూ ప్రింటర్ల గురించి. ప్రింటర్ల గురించి మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం, అమలాపురం ఆఫీసులో నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న శ్రావణి ముక్తేశ్వరంలోని మా ఇంటికి వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి తాను కొత్తగా చేసిన గ్రిడ్ చూపించింది.

"ఎలా ఉందండీ?"

"ఎన్ని రంగులు వేశావు?"

"లెక్కపెట్టలేదండీ."

"నేను పెట్టాను. పదకొండు."

"కస్టమర్ గారికి తెగ నచ్చేసిందండీ."

"రోజంతా దాని ముందు కూర్చునేది ఆయనేనా?"

"కాదండీ, వాళ్ల గుమస్తా."

"గుమస్తాకి చూపించావా?"

శ్రావణి మజ్జిగ గ్లాసు అందుకుని మాట మార్చింది. మంచి పిల్లే. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒక సంగతి అడిగింది. "నేను తెరిచిన మీ ప్రోగ్రాములన్నిట్లోనూ పరీక్ష కోసం పెట్టుకున్న జాబితాలో మొదటి పేరు ఎప్పుడూ 'ఓడలరేవు మంగ' అనే ఉందండీ. ఎరువుల కొట్టు ప్రోగ్రాంలో కూడా ఆవిడే. ఎవరో తెలీక పాత చెత్త అనుకుని తీసేశాను. ఫరవాలేదు కదండీ?"

ఫరవా ఉంది. గుమ్మంలో నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

గడుల వెనక వినాయకుడు

ముందు నా వృత్తిలో నాకు దొరికిన మొదటి మంచి పాఠం. అది నేర్పినవాడు మండపేటలో ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసే సూర్రావు.

ఆ మిల్లు యజమాని లారీల బరువులు చూపించే గ్రిడ్ కావాలన్నాడు. చేసి తీసుకెళ్లాను. తెల్లటి గడులు, నల్లటి అంకెలు, బరువులన్నీ కుడి అంచుకి సర్ది ఉన్నాయి. ఆయన పెదవి విరిచాడు.

"బోసిగా ఉందండీ. గడుల వెనకాల వినాయకుడి బొమ్మ రావాలి. తెర తియ్యగానే స్వామి దర్శనం ఇవ్వాలి."

"స్వామి గోడ మీద ఉన్నారు కదండీ," అన్నాను.

"గోడ మీద ఉన్నారండీ. కంప్యూటర్లో లేరు కదా."

అప్పట్లో గ్రిడ్ వెనక బొమ్మ పెట్టడమంటే మాటలు కాదు. ప్రతి గడినీ మన చేత్తో మళ్లీ గీయాలి. అడుగు పొర కనిపించేలా చేయాలి. తెర పైకీ కిందకీ జరిగినప్పుడల్లా బొమ్మ చెదరకుండా చూడాలి. నలభై ఒక్క గంటలు పట్టింది. చేశాను. చిన్న వయసు, చేయగలనని చూపించుకోవాలనే తాపత్రయం. యజమాని తెర ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ పొంగిపోయాను.

పద్దెనిమిది రోజుల తర్వాత ప్రింటర్ పనిమీద వెళితే, సూర్రావు తెర మీద గడులు నేను పెట్టిన క్రమంలో లేవు. లారీ నంబరు ఉండవలసిన చోట తేదీ ఉంది. బరువుల గడి ఎడమ వైపు మూలకి పోయింది.

"ఇదేమిటి సూర్రావు గారూ, గడులు ఇలా కలిపేశారు?"

ఆయన కళ్లజోడు తీసి ఊకదుమ్ము తుడుచుకున్నాడు. "మీరు పెట్టినకాడ బరువులు స్వామి బొజ్జ మీద పడతన్నాయండీ. మూడో ఎనిమిదో తెలవట్లేదు. ఎలక మీదకి లాగేసేనండీ. అక్కడ కాస్త తెల్లగా ఉంది."

నలభై ఒక్క గంటల నా పనికి ఆయన ఇచ్చిన తీర్పు అది. అంతకంటే మంచి తీర్పు ఏ నిపుణుడూ నాకు తర్వాత ఇవ్వలేదు. పనివాడు గడులను తనంతట తాను లాగి మార్చుకున్నాడంటే అది మీ పేరున పెట్టిన అర్జీ. చదవండి. నేను చదివి వినాయకుణ్ణి తీసేశాను. యజమాని ఒక క్యాలెండరు తెచ్చి తెర నెత్తిన వేలాడదీసుకున్నాడు. స్వామికీ గాలి ఆడింది, సూర్రావుకీ కళ్లు ఆడాయి.

నిలబడి చూసేవాళ్లు

మా కంపెనీ యజమాని భాస్కరం గారి గురించి చెడు రాయకూడదని చాలామంది చెప్పారు. రాయడం లేదు. ఉన్నది రాస్తున్నాను.

గడియార స్తంభం దగ్గర మేడ మీద రెండు గదుల్లో మా ఆఫీసు. భాస్కరం గారు ఏ గ్రిడ్‌నీ కూర్చుని చూడగా నేనెప్పుడూ చూడలేదు. నా కుర్చీ వెనక రెండు గజాల దూరంలో నిలబడి, చేతులు కట్టుకుని, అర నిమిషం చూసేవారు. "కొంచెం గ్రాండ్‌గా చేయండి కామేశ్వరి గారూ," అనేవారు. గ్రాండ్ అంటే ఏమిటో ఇరవై ఆరేళ్లలో ఆయనా చెప్పలేదు, నేనూ కనుక్కోలేదు. రంగు పెంచితే ఆయన సంతోషించేవారు. అంతే నాకు తెలుసు.

కొనేవాడు నిలబడి అర నిమిషం చూస్తాడు. వాడేవాడు కూర్చుని ఎనిమిది గంటలు చూస్తాడు. ఈ వృత్తిలో జీతాలన్నీ మొదటివాడి చేతుల్లోంచి వస్తాయి కాబట్టి గ్రిడ్‌లన్నీ మొదటివాడి కోసమే తయారవుతాయి. ఒక వరస తెలుపు, ఒక వరస లేత నీలం వేసి, శీర్షికకి ముదురు నీలం వేసి, ఎంచుకున్న వరసకి నారింజ రంగు వేసి, దాని మీద మిగిలిన హెచ్చరిక రంగులన్నీ కనిపించకుండా చేసి, దాన్ని డిజైన్ అంటారు. తెర మీద ఒక వరసని నొక్కగానే దాని మీద ఉన్న హెచ్చరిక రంగు మాయమైపోతే, మనిషి సరిగ్గా చూడవలసిన క్షణంలో దాన్ని దాచామన్నమాట. ఈ మాట భాస్కరం గారికి నేను నాలుగు సార్లు చెప్పాను. నాలుగు తేదీలూ నా పుస్తకంలో ఉన్నాయి.

ఆయన్ని ఇంతగా తిట్టే అర్హత నాకుందా అంటే, ఒక సందర్భంలో లేదు. అదే ఇప్పుడు చెప్పేది.

మాటెందుకు, రంగుంది కదా

కోనసీమలో గల్ఫుకి వెళ్లే ఆడవాళ్లు ఎంతమందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. వీసా రావాలంటే హైదరాబాదులో వైద్య పరీక్ష నెగ్గాలి. అక్కడ ఒకసారి తప్పితే ఆ మచ్చ చెరగడం కష్టం. అందుకని ఏజెంట్లు మనుషులను ముందుగా అమలాపురంలోనే ఒక పరీక్షా కేంద్రానికి పంపి చూపించుకునేవారు. ఆ కేంద్రానికి ప్రోగ్రాం మాది. అంటే నాది.

మొదట నేను చేసిన గ్రిడ్‌లో పేరు, ఊరు, వయసు, పరీక్షలు, చివర 'ఫలితం' అనే గడి ఉండేవి. డాక్టరు గారు బాగుంది అంటే ఒక మాట, లోపం ఉందంటే ఒక మాట అందులో పడేది. లోపం ఉన్న వరసకి ఎరుపు కూడా వచ్చేది. భాస్కరం గారు రెండు గజాల దూరం నుంచి చూశారు.

"ఆఖరి గడి తీసెయ్యండి. ఎరుపు ఉంటే లోపం, లేకపోతే బాగున్నట్టు. మళ్లీ మాటెందుకండీ? తెర ఇరుకైపోతోంది."

"మాట ఉండాలండీ."

"రంగుంది కదండీ. గ్రాండ్‌గా కనపడుతోంది."

తీసేశాను. ఎదురు చెప్పి ఊరుకున్నానని సర్దిచెప్పుకోను. తీసిన చెయ్యి నాది.

నాలుగు నెలలు ఏ గొడవా లేదు. తర్వాత ఆ కేంద్రంలో గుమస్తా వీరబాబు ఫోన్ చేశాడు. రిపోర్టు కాగితాలు ఊరి వారీగా కట్టలు కట్టి, సాయంత్రం ఏ ఊరి బస్సుకి ఆ ఊరి కట్ట ఇచ్చి పంపడం వాళ్ల పద్ధతి. తెర మీద మాత్రం పేర్లు వచ్చిన క్రమంలో ఉంటాయి. "ఊరు అన్నకాడ నొక్కితే ఊళ్ల వరసలో వచ్చేలాగ చెయ్యరా మేడమ్ గారూ? రోజూ ఏరుకోలేక సచ్చిపోతున్నానండీ," అన్నాడు. న్యాయమైన కోరిక. ఆ వెయ్యిన్నీ రెండు వందల పద్దెనిమిదిలో నాకు నచ్చిన అతి కొద్ది కోరికల్లో అదొకటి. రెండు గంటల నలభై నిమిషాల్లో చేశాను. పది దొంగ పేర్లతో జాబితా తయారు చేసి, నొక్కి చూశాను. పేర్లు ఊళ్ల వరసలోకి వచ్చాయి. మర్నాడు వెళ్లి ఎక్కించి వచ్చాను.

నా పది దొంగ పేర్లలో రోగమున్న మనిషి ఒక్కరూ లేరు. అందరూ తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నారు. ఇది గుర్తుంచుకోండి.

"ఆ ఎరుపు ఏసింది మీరేనంటగా"

పందొమ్మిది రోజుల తర్వాత, శుక్రవారం, పొద్దున్న పదకొండు కాకముందే మా ఆఫీసు మెట్లు ఎక్కి ఒక మనిషి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. నేత చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. గుమ్మంలోనే నిలబడింది.

"కంప్యూటర్లో రంగులేసే అమ్మగారెవరండీ?"

భాస్కరం గారు నా వైపు చూపించారు.

"నా పేరు మంగండీ. ఓడలరేవు. నాకు ఎరుపు ఏసింది మీరేనంటగా?"

నాకు అర్థం కాలేదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"వీరబాబు గారినడిగితే తెర మీద ఎర్రగా వచ్చిందన్నారండీ. జబ్బేటండీ అంటే తెలవదన్నారు. డాక్టరు గారు ఊళ్లో లేరు. మరి ఎరుపెవరు ఏసేరండీ అంటే, కంప్యూటర్ మీద అంటించిన కాయితం సూపించి ఈళ్లు ఏసేరన్నారు. అందుకని ఒచ్చేనండీ. నాకేం జబ్బో సెప్పండి."

ఆ కాగితం మా కంపెనీ పేరూ ఫోన్ నంబరూ ఉన్న స్టిక్కరు. భాస్కరం గారు అది ప్రతి కంప్యూటర్ మీదా అంటించేవారు. దాన్ని చూసి మెట్లు ఎక్కి వచ్చిన మొదటి మనిషి మంగ.

"రంగు మేము వేయమమ్మా," అన్నాను. "డాక్టరు గారు చెప్పినదాన్ని బట్టి కంప్యూటరే వేస్తుంది. అది తప్పు చెప్పదు."

ఈ మాట అన్నానని రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే ఇంకా సిగ్గు.

మంగ సంచిలోంచి కవరు తీసి నా బల్ల మీద పెట్టింది. "ఇది నిన్న బస్సులో ఒచ్చిందండీ. మా ఈదిలో నర్సమ్మ గారు సదివి ఏ జబ్బూ లేదే మంగా అన్నారు. కాయితం లేదంటంది, మీ రంగు ఉందంటంది. ఏది నిజమండీ?"

కాగితం చదివాను. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, అన్నీ సవ్యంగా ఉన్నాయి. అడుగున డాక్టరు గారు 'బాగుంది' అని తేల్చి సంతకం పెట్టారు. తేదీ మంగళవారానిది.

"ఏజెంటుకి ఈ కాగితం చూపించావా?"

"ఆడికి కాయితం ఎందుకండీ? మంగళారం సాయంత్రమే ఫోన్ చేసి ఎవరెవరు ఎరుపో కనుక్కున్నాడు. పాస్‌పోర్టు నా మొకాన పడేసి, నీ పని అయిపోయిందెల్లు అన్నాడు." సంచిలోంచి పాస్‌పోర్టు తీసి చూపించింది. "మస్కట్‌లో మా అక్క పనిసేసే ఇంట్లోనేనండీ. ముసలమ్మ గారికి తోడుగా ఇంకో మనిషి కావాలన్నారు. అక్క రెండేళ్లు బతిమాలి ఒప్పించింది. ఒకే ఇంట్లో ఉంటామని. సోమారం లోపు పేరు ఇవ్వాలండీ."

అంటే చేతిలో మూడు రోజులున్నాయి.

నొక్కి చూస్తే

మంగనీ వెంటబెట్టుకుని ఆ కేంద్రానికి నడిచాను. భాస్కరం గారు వెనక నుంచి ఏదో అన్నారు. వినలేదు.

వీరబాబుని లేపి అతని కుర్చీలో కూర్చుని మంగళవారం జాబితా తెరిచాను. ముప్పై ఒక్క పేర్లు. వచ్చిన క్రమంలో చూస్తే ఏడో వరస ఎరుపు, పందొమ్మిదో వరస ఎరుపు. మంగ ఇరవై మూడోది. తెల్లగానే ఉంది.

"వీరబాబూ, నువ్వు ఎలా చూస్తావు?"

"ఊరు మీద నొక్కి సూత్తానండీ. మీరు సెప్పినట్టే."

నొక్కాను. పేర్లన్నీ కదిలి ఊళ్ల వరసలోకి సర్దుకున్నాయి. ఎరుపు మాత్రం కదల్లేదు. ఏడో వరసలోనే ఉంది, పందొమ్మిదో వరసలోనే ఉంది. ఏడో వరసలో ఇప్పుడు ఉన్న పేరు మంగ.

మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు, కింద ఎవరు వచ్చి కూర్చున్నా ఎరుపు ఆ సీటుకే అంటుకుని ఉంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం ఆ తప్పేమిటో చెబుతాను. జాబితా తెరవగానే లోపమున్న వరసల నంబర్లు ఒక పక్కన రాసి పెట్టుకుని, ఆ నంబర్లున్న వరసలకి ఎరుపు వేయమని రాశాను. మనిషికి ఎరుపు వేయమని రాయలేదు. పేర్లు కదలనంత కాలం రెండూ ఒకటే. కదిలించే మీటను చేతులారా తయారు చేసి ఇచ్చింది కూడా నేనే. ఏ గడినైనా గీసే ముందు, ఆ క్షణంలో ఆ వరసలో ఉన్న మనిషి ఎవరు, ఆమె ఫలితం ఏమిటి అని ప్రతిసారీ అడగాలి. లోపముంటే ఎరుపు, లేకపోతే తెలుపు అని రెండూ చెప్పాలి. ఇది మొదటి నెలలో నేర్చుకునే పాఠం. నాకు అప్పటికి పందొమ్మిదేళ్ల అనుభవం.

మంగకి అర్థమయ్యేలా చెప్పాను. తెర చూపించి చెప్పాను. ఆమె జాగ్రత్తగా విని అడిగింది. "అంటే ఈ ఎరుపు ఇంకోరిదన్నమాట. ఆ ఏడో మనిసికి సెప్పేరా మరి?"

ఎవరూ చెప్పలేదు. నాకా ఆలోచనే రాలేదు. నా తప్పు ఎంతవరకు వచ్చిందో కొలుచుకోవడంలో ఉన్నాను. అసలు ఏడో మనిషి రాజోలు వైపు ఆయన. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ ఉంది. బాగున్నాడని ఏజెంటుకి ఫోన్లో చెప్పేశారు. ఆదివారం హైదరాబాదు బస్సుకి టిక్కెట్టు కూడా తీశాడు. వీరబాబు ఫోన్ చేసి చెబితే ఆయన ముందు నమ్మలేదు, తర్వాత మమ్మల్ని అయిదు నిమిషాలు తిట్టాడు. వీరబాబు ఫోన్ నా చేతికిచ్చాడు. మిగతా తిట్లు నేను విన్నాను. నాకు రావలసినవే. ఆయన సర్కారు ఆసుపత్రిలో చేరి మందులు వాడి కోలుకున్నాడని ఆ తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం దాకా పందొమ్మిది రోజుల జాబితాలూ కాగితాలతో పక్కపక్కన పెట్టి చూశాను. ఎరుపు తప్పుగా పడినవాళ్లు ఇంకో ఎనిమిది మంది. ఏడుగురి విషయంలో వీరబాబు కాగితం చూసే చెప్పాడు కాబట్టి నష్టం లేదు. ఎనిమిదో ఆమె ప్రయాణమే మానుకుని వేరే పనిలో చేరిపోయింది. ఎరుపు తప్పిపోయిన అసలు రోగులకీ ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాం. ఆ ఎనిమిదో ఆమెకి మాత్రం నేను ఏమీ చేయలేకపోయాను. పేరు, ఊరు పుస్తకంలో ఉన్నాయి.

తెల్ల కాగితం మీద

శనివారం పొద్దున్నే భాస్కరం గారి దగ్గర కూర్చున్నాను. తప్పు మా ప్రోగ్రాంలో ఉంది, మంగకి లోపం లేదు అని కంపెనీ పేరున్న కాగితం మీద రాసివ్వాలి. అది ఆయనా అర్థం చేసుకున్నారు. అందుకే ఒప్పుకోలేదు.

"మెల్లిగా సరిచేసేద్దామండీ. అప్‌డేట్ అందాం. తప్పు అని ఎందుకండీ?"

"అప్‌డేటే అందామండీ. ఏజెంటు దగ్గరకి ఎవరు వెళ్లి అంటారు? మంగనే పంపిద్దామా?"

"మీరు వేడిగా ఉన్నారు. ఓ రెండు రోజులు ఆగితే..."

"రెండు రోజులాగితే సోమవారం అవుతుందండీ."

"చూడండి కామేశ్వరి గారూ, ఒక్క కాగితం బయటికెళ్లిందంటే రేపు పది మంది కస్టమర్లు మనల్ని అడుగుతారు."

"అడగాలి కదండీ," అన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరకి వెళ్లిపోయారు. అక్కడా నిలబడే చూశారు.

నేను తెల్ల కాగితం తీసుకుని నా పేరున రాశాను. "ఓడలరేవు మంగకు వైద్య పరీక్షలో ఏ లోపమూ లేదని డాక్టరు గారు రాశారు. తెర మీద కనిపించిన ఎరుపు నేను రాసిన ప్రోగ్రాంలోని తప్పు వల్ల వచ్చింది. తప్పు నాది." సంతకం, తేదీ, వేళ. వీరబాబు అడగకుండానే కింద తానూ సంతకం పెట్టాడు. "నేను కాయితం సూడకుండా ఫోన్లో సెప్పేను కదండీ. సగం నాది," అన్నాడు. ఆ జిల్లాలో కంప్యూటర్లు అమ్మేవాళ్లందరి కంటే ఆ గుమస్తా పెద్దమనిషి.

మంగా నేనూ ఏజెంటు ఆఫీసుకి వెళ్లేసరికి పన్నెండున్నర. అతను కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు.

"పోన్లెండి, పుస్తకంలో ఎరుపు కొట్టేస్తాను. కానీ ఆ మస్కట్ ఇల్లు నిన్న సాయంత్రమే వేరే ఆవిడకి ఖాయం చేసేశామండీ. ఆవిడ పాస్‌పోర్టు వెళ్లిపోయింది."

"సోమవారం దాకా గడువుంది కదా," అన్నాను.

"సోమారం దాకా ఆగడానికి ఇక్కడెవరూ ఖాళీగా లేరండీ. ఎరుపొచ్చిన మనిషి కోసం ఎవడాగుతాడు?"

బయటికి వచ్చాక మంగ ఏడవలేదు. సంచి చంకలో పెట్టుకుని ఓడలరేవు ఆటో ఎక్కుతూ అంది. "పుస్తకంలో కొట్టేసేడు కదండీ. తరవాతదానికి అడ్డుండదు. మా అక్కకి ఏం సెప్పాలో తెలవట్లేదండీ, అంతే."

భాస్కరం గారు నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు ప్రింటర్ పనిచేయడం లేదని మాట్లాడారు. ఆయన భయపడినట్టు ఒక్క కస్టమరూ పోలేదు. నాలుగు నెలల తర్వాత మా కొత్త కరపత్రంలో 'ఫలితాలు తెలుగు మాటల్లో!' అని పెద్ద అక్షరాల్లో వేయించారు, ఆశ్చర్యార్థకంతో సహా. ఆ మాటల గడిని తీయించింది తానేనని ఆయనకి గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. అదే ఆ తరహా మనుషుల అదృష్టం.

ఎరుపు నాకే ఎట్టండి

గ్రిడ్ మళ్లీ రాశాను. పేరు పక్కనే ఫలితం గడి పెట్టి తెలుగులో మాట వేశాను: 'బాగుంది', లేదా 'డాక్టరును కలవాలి'. రంగు ఒక్కటే ఉంచాను. అది మనిషితో కదులుతుంది. మిగిలిన రంగులన్నీ తీసేశాను. ఆ తర్వాతి వారం శనివారం కేంద్రంలో ఎక్కించాలి. శుక్రవారం మంగ మా మెట్లు ఎక్కింది. అమలాపురంలో పనుండి వచ్చిందట. సరయ్యిందో లేదో చూడాలంది.

నా పది దొంగ పేర్ల జాబితా తెరిచి చూపించాను. ఈసారి అందులో ఇద్దరు రోగులున్నారు. ఊరు మీద నొక్కాను. ఎరుపు ఆ ఇద్దరితోనూ వెళ్లింది.

మంగ తల ఊపలేదు. "ఈళ్లెవరండీ?"

"ఎవరూ కాదు. ఊరికే పెట్టిన పేర్లు."

"ఊరికే పెట్టిన పేర్లకి ఏమైతే ఏటండీ? నా పేరెయ్యండి."

వేశాను. మొదటి వరస: మంగ, ఓడలరేవు, బాగుంది.

"ఎరుపు నాకే ఎట్టండి."

"నీకెందుకమ్మా?"

"ఎట్టండి. ఎక్కడికెల్తాదో సూద్దాం."

నా వేళ్లు ఆ అక్షరాల మీద ఆగాయి. ఆ మనిషి పేరుకి మళ్లీ ఎరుపు వేయడానికి చెయ్యి రాలేదు. ఆమె నా బల్ల అంచు పట్టుకుని వంగి తెరనే చూస్తోంది. వేశాను. మంగ వరస ఎర్రబడింది, పక్కన 'డాక్టరును కలవాలి' అని వచ్చింది.

"ఇప్పుడు ఊరు మీద నొక్కుతానండీ. నేనే."

మౌస్ పట్టుకోవడం చూపించాను. నొక్కింది. వరసలన్నీ కదిలాయి. మంగ పేరు మొదటి వరస నుంచి మూడో వరసకి దిగింది. ఎరుపు దానితో దిగింది. పేరు మీద నొక్కింది. ఎనిమిదో వరసకి వెళ్లింది, ఎరుపుతో సహా. వయసు మీద నొక్కింది. కిందకీ పైకీ జరిపి చూసింది. మొత్తం పద్నాలుగు సార్లు నొక్కింది. నేను లెక్కపెట్టాను. నా పందొమ్మిదేళ్లలో నా గ్రిడ్‌ని అంత శ్రద్ధగా పరీక్షించినవాళ్లు లేరు, నాతో సహా.

చివరికి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆయ్. ఇప్పుడు నాతోనే ఒత్తందండీ." తెర వైపు వేలు చూపించి అంది. "ఇంక తీసెయ్యండి."

తీసేశాను. వరస తెల్లబడింది. 'బాగుంది' అని వచ్చేదాకా చూసి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మంగళవారం నుంచి లెక్కేస్తే నూట ఇరవై ఆరో రోజున మంగ మస్కట్ వెళ్లింది. అక్క ఉన్న ఇంటికి కాదు. అదే ఊళ్లో వేరే ఇంటికి. అక్కాచెల్లెళ్లు సెలవు రోజున కలుసుకునేవారట. ఒకే కప్పు కింద ఉండవలసినవాళ్లు వారానికి ఒక పూట చూసుకున్నారు. ఆ మిగతా ఆరున్నర రోజులూ నా లెక్కలో పడ్డాయి. ఏ పద్దులోనూ కొట్టేయడానికి వీల్లేదు.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాంలోనూ పరీక్ష జాబితాలో మొదటి వరస ఆమెదే. కొబ్బరి వర్తకుడికి రాసినా, ఎరువుల కొట్టుకి రాసినా, ఎరుపు ఆమె పేరుకి పెట్టి, కనిపించిన ప్రతి శీర్షికా నొక్కి, అది ఆమెతోనే వెళుతోందని చూసుకున్నాకే తీసేదాన్ని. తీయకుండా ఒక్క గ్రిడ్ కూడా బయటికి పంపలేదు.

శ్రావణీ, నీ పదకొండు రంగులు ఉంచుకో. నీ యజమాని గారూ, ఆ కస్టమరు గారూ నిలబడి చూసి ఆనందిస్తారు. ఆ పేరు మాత్రం మళ్లీ మొదటి వరసలో పెట్టు. ఎరుపు వేసి, ఊరు మీద నొక్కు.